లక్ష కిలోమీటర్లు దాటిన టర్బో కారును అమ్మాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి వచ్చాయి. బాగా తిరిగిన టర్బో పెట్రోలు సెడాన్‌ను నష్టపోకుండా, తర్వాత తలనొప్పి లేకుండా ఎలా అమ్మాలి? మిగతా అంశాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. 2017 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ ఉంది. 1,28,000 కిలోమీటర్లు తిరిగింది, మొదటి నుంచీ నేనే ఓనర్‌ని. స్టేజ్ 1 రీమ్యాప్ (శక్తి పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించాను. కొత్త కారు షోరూమ్‌లో ఎక్స్ఛేంజ్ అడిగితే మామూలు ఆక్టేవియా రేటే చెప్పి, "రీడింగ్ ఎక్కువండీ" అన్నారు. ఏమేం బాగు చేయించి అమ్మాలి? రీమ్యాప్ సంగతి చెప్పాలా, దాచాలా?

జవాబు: వాళ్ల లెక్కకు వాళ్లు చెప్పింది సరైనదే. ఎక్స్ఛేంజ్‌లో వచ్చిన బండిని షోరూమ్ చాలావరకు పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీలకే తోసేస్తుంది. అక్కడికి వచ్చేవాళ్లు మైలేజీ ఎంతిస్తుంది, రీడింగ్ ఎంత, ఈఎంఐ ఎంత పడుతుంది అని అడుగుతారు. 230 పీఎస్ ఇంజిన్ వాళ్లకు అదనపు విలువ కాదు, అదనపు భయం. మీ కారు కొనే మనిషి వేరే. ఆర్‌ఎస్ అంటే ఆక్టేవియాలో ఎక్కువ శక్తి ఉన్న స్పోర్ట్స్ రకమని తెలిసినవాడు, 2017లో ఆ బండ్లు మన దేశానికి పరిమితంగానే వచ్చాయని తెలిసినవాడు. అతను 1,28,000 అనే అంకెకు భయపడడు. ఆ 1,28,000 ఎలా తిరిగిందో చెప్పే కాగితాలు లేకపోతే భయపడతాడు. కాబట్టి స్పానర్ పట్టకముందు ఫైలు పట్టండి. మొదటి సర్వీసు నుంచి ప్రతి ఇన్‌వాయిస్‌నూ తేదీ వారీగా పెట్టి, పక్కన రీడింగ్ రాయండి. బయట గ్యారేజీలో చేయించినవైతే ఆయిల్, ఫిల్టర్ విడిగా కొన్న బిల్లులైనా జత చేయండి.

ఇక బాగుచేత సంగతి. తెలిసిన కొనుగోలుదారు ఈ బండిలో మొదట చూసేది డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మీ కారులో ఉన్నది ఆరు గేర్ల తడి క్లచ్ గేర్‌బాక్స్, డీక్యూ250. దీనికి ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. అంటే మీ బండికి రెండుసార్లు అయి ఉండాలి. రెండోసారి బిల్లు లేకపోతే ఇప్పుడే చేయించండి. ఐదు లీటర్ల పైచిలుకు ఆయిల్ పడుతుంది. లెవెల్‌ను గేర్‌బాక్స్ ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఇంజిన్ నడుస్తుండగా, స్కానర్‌లో ఉష్ణోగ్రత చూస్తూ సరిచేయాలి. వేడి బండికి అలాగే పోసి బోల్టు బిగించేస్తే ఆయిల్ తక్కువ పడుతుంది, రెండో గేరు నుంచి ఒకటికి దిగేటప్పుడు కుదుపు మొదలవుతుంది. ఆ కుదుపు తగలగానే కొనేవాడు గేర్లు మార్చే మెకాట్రానిక్ యూనిట్ పోయిందనుకుని లక్షల్లో బేరం దించుతాడు. చాలాసార్లు లోపం ఆయిల్ లెవెల్‌లోనే ఉంటుంది.

రెండోది కూలెంట్. ఈ ఇంజిన్లలో వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద ఉంటాయి. వేడికీ చల్లదనానికీ ఆ ప్లాస్టిక్ వంగి, సీలు దగ్గర సన్నగా కారుతుంది. కారింది కింద పడకుండా ఇంజిన్ మీదే ఆరిపోయి గులాబీ రంగు పొరలా మిగులుతుంది, అందుకే ఓనర్లకు తెలియదు. డబ్బాలో లెవెల్ నెలనెలా దిగుతుంటే ఇదే మొదటి అనుమానం. కారుతుంటే పూర్తి యూనిట్ మార్పించండి. నల్లా నీళ్లు పోసి లెవెల్ చూపించే ప్రయత్నం మాత్రం వద్దు, రంగు పలచబడితే చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

మూడోది చిన్న ఖర్చు, పెద్ద అనుమానం. ఇంజిన్ పైన ఉండే పీసీవీ, అంటే ఆయిల్ ఆవిరిని వేరు చేసే భాగం. దాని లోపలి పొర చిరిగితే ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, సన్నని ఈల వినిపిస్తుంది, ఆయిల్ మూత తీయబోతే గట్టిగా లోపలికి లాగినట్టు ఉంటుంది, చెక్ లైటు వెలుగుతుంది. విన్నవాడు టర్బో పోయిందనుకుంటాడు. దీన్ని మార్చాకే బండి చూపించండి. ఇగ్నిషన్ కాయిల్స్, ప్లగ్గులు మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) చూపిస్తుంటే అవీ మార్చండి.

టర్బో విషయానికి వస్తే, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపులకు పొగ పెట్టి లీకేజీ పరీక్ష చేయించండి. గ్యారేజీలో స్మోక్ టెస్ట్ అంటారు. చాలాచోట్ల "బూస్ట్ తగ్గింది, టర్బో మార్చాలి" అన్న బండికి చివరికి తేలేది చిట్లిన రబ్బరు పైపు, లేదా వదులైన క్లాంపు. టర్బోకు ముందున్న పైపు తీసి షాఫ్ట్‌ను వేలితో కదిపి చూడమనండి. పక్కకు వెంట్రుకవాసి కదలిక ఉండొచ్చు, ముందుకీ వెనక్కీ మాత్రం కదలకూడదు. రెక్కల అంచు హౌసింగ్‌ను గీరిన గుర్తు ఉంటే ఆ టర్బోకు రోజులు దగ్గరపడ్డట్టే.

చేయించకూడనివీ ఉన్నాయి. బంపరు గీతలకు నాలుగు పక్కలా పెయింటింగ్ వద్దు. పెయింటు మందం కొలిచే మీటరుతో వచ్చే కొనుగోలుదారు కొత్త పెయింటు చూడగానే యాక్సిడెంట్ బండి అంటాడు, మీరు ఎంత చెప్పినా నమ్మడు. కొత్త టైర్లు కూడా మరీ అరిగితేనే. ఇంజిన్ గదిని ప్రెషర్ నీళ్లతో కడిగించడం అన్నిటికన్నా తప్పు. కాయిల్స్‌లోకి నీరు దిగి చూపించే రోజే మిస్‌ఫైర్ రావచ్చు, పైగా లీకేజీ దాచారన్న అనుమానం వస్తుంది. దుమ్ము గుడ్డతో తుడిస్తే చాలు.

రీమ్యాప్ సంగతి తప్పకుండా చెప్పాలి. ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ వెనక్కి వేయించినా ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరులో, సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మార్చారన్న లెక్క మిగులుతుంది. కంపెనీ సర్వీసు సెంటర్ సిస్టంలో ఆ బండికి టీడీ1 గుర్తు (సాఫ్ట్‌వేర్ మార్చారన్న నమోదు) పడి ఉండొచ్చు కూడా. కొనేవాడు సర్వీసు సెంటర్‌లో చూపిస్తే బయటపడుతుంది. అప్పుడు పోయేది రీమ్యాప్ విలువ కాదు, మీరు చెప్పిన ప్రతి మాట మీదా నమ్మకం. మా సలహా: ఒరిజినల్ మ్యాప్‌కు తెచ్చి, "ఇన్ని కిలోమీటర్ల దగ్గర చేయించాను, ఇప్పుడు తీసేశాను" అని బిల్లుతో చూపించండి. కొనేవాడికి రీమ్యాపే కావాలంటే అది ఏ ఆక్టేన్ పెట్రోలుకు చేసిందో రాసివ్వండి. ఎక్కువ ఆక్టేన్‌కు చేసిన మ్యాప్‌లో తక్కువ రకం పెట్రోలు పోస్తే నాకింగ్ (పెట్రోలు సమయం తప్పి పేలడం) వచ్చి పిస్టన్ల మీద పడుతుంది. డౌన్‌పైపు (టర్బో వెనక ఉండే పొగ గొట్టం) మార్చి ఉంటే పొగను శుభ్రం చేసే ఒరిజినల్ క్యాటలిటిక్ కన్వర్టర్ మళ్లీ బిగించి, మార్చినదాన్ని విడిగా అమ్ముకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన ప్రాథమిక లక్షణాలను మార్చకూడదు. క్లెయిమ్ సమయంలో బీమా కంపెనీ కూడా దీన్ని ఎత్తి చూపుతుంది.

చివరిగా ఒక జాగ్రత్త. చూపించే ముందు రోజు ఫాల్ట్ కోడ్లు చెరిపేయించకండి. చెరిపితే ఇంజిన్ తనను తాను పరీక్షించుకునే మానిటర్లన్నీ "సిద్ధంగా లేదు" అని చూపిస్తాయి. స్కానర్ తెచ్చినవాడికి అది కోడ్ కన్నా పెద్ద ఆధారం. ఏమైనా సరి చేయించాక 200, 300 కిలోమీటర్లు మామూలుగా నడిపి, అప్పుడు స్కాన్ రిపోర్టు తీయించి ఫైల్లో పెట్టండి.

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాం. మా వారి 2012 లారా వీఆర్‌ఎస్, 1.8 టీఎస్‌ఐ మాన్యువల్, 1,63,000 తిరిగింది. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఆయిల్ తాగుతోంది. ఇంజిన్ ఓవర్‌హాల్ చేయించి అమ్మమని మెకానిక్, అలాగే అమ్మమని మరిది అంటున్నారు. చూడటానికి వచ్చినవాళ్లంతా 2024 వరదల్లో మునిగిందా అని అడుగుతున్నారు. మా బండి ఆ రోజు ఊళ్లోనే లేదు.

జవాబు: మీ మరిది చెప్పిందే వినండమ్మా. ఆ తరం 1.8 టీఎస్‌ఐ ఇంజిన్లలో పిస్టన్‌కు ఉండే ఆయిల్ రింగు సన్నగా ఉంటుంది, ఆయిల్ వెనక్కి దిగాల్సిన రంధ్రాలు చిన్నవి. అవి మసితో పూడుకుపోతే ఆయిల్ మండే గదిలోకి వెళ్లి కాలిపోతుంది. సరైన మరమ్మతు అంటే ఇంజిన్ దింపి పిస్టన్లు, రింగులు మార్చడమే. ఆ ఖర్చులో సగం కూడా అమ్మకం ధరలో తిరిగి రాదు. పైగా "ఇంజిన్ విప్పిన బండి" అనే మాట కొనేవాడిని ఇంకా వెనక్కి లాగుతుంది.

చేయాల్సింది వేరే ఉంది. ఎంత తాగుతోందో కచ్చితంగా కొలవండి. ఆయిల్‌ను డిప్‌స్టిక్ పై గుర్తు దాకా నింపి, రీడింగ్ రాసుకుని, సరిగ్గా 1,000 కిలోమీటర్లు నడిపించి, మళ్లీ అదే గుర్తుకు రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూడండి. రెండుసార్లూ బండి సమతలం మీద, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు అయ్యాకే చూడాలి. 1,000 కిలోమీటర్లకు అర లీటరు దాకా సహజమేనని ఈ కంపెనీ హ్యాండ్‌బుక్కుల్లోనే రాసి ఉంటుంది. మీరు దాని అంచున ఉన్నారు. కొలిచిన అంకెను కాగితం మీద పెట్టి చెబితే అది తెలిసిన లోపం, బేరంలో కొంత తగ్గుతుంది. చెప్పకపోతే నెల తర్వాత గొడవ.

ఆయిల్ కన్నా ముందు చూపించాల్సింది టైమింగ్ చైన్ టెన్షనర్, అంటే వాల్వులను నడిపించే గొలుసును బిగుతుగా ఉంచే భాగం. ఆ కాలపు టెన్షనర్లలో పట్టు జారే లోపం ఉంది. తర్వాత మార్చిన డిజైన్ వచ్చింది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గొలుసు లాగినట్టు గరగరమంటే అది హెచ్చరిక. టెన్షనర్ జారితే చైన్ పళ్లు తప్పి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజిన్ అక్కడితో సరి. కొత్త రకం టెన్షనర్ వేయించిన బిల్లు ఉంటే అదే మీ ఫైల్లో అన్నిటికన్నా విలువైన కాగితం. లేకపోతే ఈ ఒక్క పని మాత్రం చేయించి అమ్మండి. అప్పటిదాకా ఎత్తు మీద గేరులో వేసి వదిలేయకండి, హ్యాండ్‌బ్రేక్ వాడండి. బండి వెనక్కి ఒరిగి ఇంజిన్‌ను తిప్పితే బలహీనమైన టెన్షనర్‌కు అదే చివరి దెబ్బ కావచ్చు.

ఇందులో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వులు పెట్రోలుతో కడగబడవు, వాటి వెనక మసి గట్టిపడుతుంది. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఐడిల్ ఊగుతుంటేనే దాన్ని శుభ్రం చేయించండి. బాగా నడుస్తుంటే అక్కర్లేదు.

వరద సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మీ ప్రాంతం మునిగింది కాబట్టి మీ చిరునామా చూడగానే ఆ ప్రశ్న రావడం న్యాయమే. కోపగించుకోకుండా మీరే ముందు చూపించండి. నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా లాగి చూపించాలి, మునిగిన బండిలో చివరి మూరలో బురద చార మిగిలిపోతుంది. సీటు పట్టాల బోల్టులు, డ్యాష్‌బోర్డు కింది బ్రాకెట్లు తుప్పు లేకుండా ఉండాలి. కార్పెట్ అంచు లేపి కింద ఫోమ్ చూపించండి. స్టెప్నీ గుంత కూడా. ఆ రోజుల్లో బండి ఎక్కడుందో చెప్పే టోల్ రసీదులు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఉంటే ప్రింటు తీయండి. బీమా కంపెనీ నుంచి క్లెయిమ్ చరిత్ర రాతపూర్వకంగా అడిగి తీసుకుంటే సందేహానికి తావుండదు.

ఒక్క తేదీ మరిచిపోకండి. ప్రైవేటు కారు ఆర్‌సీ 15 ఏళ్ల దాకా చెల్లుతుంది. మీది 2027లో రెన్యువల్‌కు వస్తుంది. గడువు దగ్గరయ్యేకొద్దీ ధర పడుతుంది, ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: పార్క్ అండ్ సేల్‌లో (బండిని వాళ్ల దగ్గర ఉంచి అమ్మించడం) పెడితే కన్సల్టెన్సీ వాళ్లు ఖాళీ ఫారాల మీద సంతకాలు అడుగుతున్నారు. పెట్టొచ్చా? (ఉప్పల్ నుంచి)

జవాబు: పెట్టొద్దు. మోటారు వాహనాల చట్టం కింద ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని. బండి అమ్మేసి చేతులు దులుపుకున్నా, ట్రాన్స్‌ఫర్ కాకపోతే ప్రమాద పరిహారం రిజిస్టర్డ్ ఓనర్ మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఖాళీ ఫారాలతో బండి ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది. చలాన్లు, కేసులు మాత్రం మీ ఇంటికి వస్తాయి.

2023 ఏప్రిల్ నుంచి సెకండ్‌హ్యాండ్ డీలర్లకు ఆర్టీఏ అధికార పత్రం ఉండాలనే కేంద్ర నిబంధన ఉంది. ఆ పత్రం చూపించమనండి. అలాంటి డీలర్‌కు బండి అప్పగించేటప్పుడు ఫారం 29సీ ద్వారా రవాణా శాఖకు తెలియజేయాలి. ఆ తర్వాత బండి బాధ్యత డీలర్‌దే. డీలర్ దగ్గర ఉన్నన్ని రోజులూ బండి ట్రయల్, సర్వీసు, ఆర్టీఏ పనులకే బయటికి వెళ్లాలి, ట్రిప్ రిజిస్టర్ రాయాలి. ఇదేమీ తెలియదన్నవాళ్ల దగ్గర పార్క్ చేయకండి. ఒప్పందంలో మీకు చేతికి రావాల్సిన కనీస మొత్తం, వాళ్ల కమీషన్, ఎన్నాళ్లు, అప్పగించిన రోజు రీడింగ్ ఇవన్నీ ఉండాలి. టర్బో బండి అయితే రీడింగ్ మరీ ముఖ్యం. చూపించడానికి పెట్టిన స్పోర్ట్స్ కారు రాత్రిళ్లు ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో ఆ అంకె ఒక్కటే చెబుతుంది.

ప్రశ్న: కొనడానికి వచ్చిన కుర్రాడు ఔటర్ మీద ఒంటరిగా నడిపి చూస్తానంటున్నాడు. ఆగిన చోటి నుంచి బండిని ఒక్కసారిగా దూకించే లాంచ్ కంట్రోల్ కూడా చూడాలట. ఏం చెప్పాలి?

జవాబు: రెండింటికీ కుదరదని చెప్పండి. లైసెన్సు ఒరిజినల్ చూసి ఫొటో తీసుకున్నాక, మీరు పక్క సీట్లో కూర్చుంటేనే తాళం ఇవ్వండి. ప్రమాదం జరిగితే యజమాని మీరే, బీమా మీదే.

లాంచ్ కంట్రోల్ చూపించడం వల్ల కొనేవాడికి తెలిసేది ఏమీ లేదు, మీ క్లచ్‌లకు మాత్రం దెబ్బ. బండి ఆరోగ్యం తెలియాలంటే పద్ధతి ఇది. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అతన్ని రమ్మనండి. ముందే వేడెక్కించి పెట్టిన బండిని తెలిసినవాడు నమ్మడు. బానెట్ ఎత్తి అతని చేతే స్టార్ట్ చేయించండి. పది, పదిహేను నిమిషాలు మామూలుగా నడిపించి, ఆయిల్ కూడా వేడెక్కాక మూడో గేరులో 2,000 ఆర్‌పీఎం నుంచి ఒక్కసారి నిండుగా యాక్సిలరేటర్ తొక్కితే చాలు. లాగుడు మధ్యలో తెగకూడదు, వెనక నీలం పొగ రాకూడదు. కొండ దిగుతున్నట్టు కాలు తీసేసి కాసేపాగి మళ్లీ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే వాల్వ్ సీల్స్ లేదా టర్బో సీలు. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ కాలుతోంది. నలుపు వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోంది. ఆ తర్వాత ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లండి. డీఎస్‌జీ లోపం హైవే మీద కన్నా బంపర్‌కు బంపర్ కదిలేటప్పుడే బయటపడుతుంది.

ప్రశ్న: ధర ఎంత చెప్పాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: అదే మోడల్, ఒక ఏడాది అటూ ఇటూ, అదే గేర్‌బాక్స్ ఉన్న ప్రకటనలను మన రెండు రాష్ట్రాల్లోనే కాక బెంగళూరు, చెన్నై, పుణెలలో కూడా చూసి రాసుకోండి. అరుదైన బండికి స్థానిక మార్కెట్ అంటూ ఉండదు. నెల గడిచినా అలాగే ఉన్న ప్రకటనల ధరలు కొట్టేయండి, అవి అమ్ముడుపోని ధరలు. రెండు వారాల్లో మాయమైనవే అసలు లెక్క. అందులోంచి మీ బండికి త్వరలో రాబోయే పెద్ద ఖర్చులు, అంటే టైర్లు, డిస్కులు, డీఎస్‌జీ ఆయిల్, తీసేయండి. టైరు మీద నాలుగంకెల గుర్తు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. ఆ టైరు గాడి ఎంత లోతున్నా కొనేవాడు దాన్ని లెక్కలోకి తీసుకోడు. ప్రకటనలో "ఫిక్స్‌డ్" అని రాయకండి, మన దగ్గర బేరం లేకుండా బండి కదలదు. అడిగే ధరకూ వదిలే ధరకూ మధ్య 5 శాతం చాలు.

ప్రశ్న: హైదరాబాద్ బండి. కొనేది బెంగళూరు ఆయన. ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తర్వాత ఇస్తే చాలు, ముందు బండి పంపండి అంటున్నారు.

జవాబు: వరుస తారుమారు చేయకండి. ముందు లోన్ ఉంటే తీర్చి, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో ఆర్‌సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) కొట్టేయించాలి. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ మీద గడువు ఉంటుంది, చూసుకోండి. పెండింగ్ చలాన్లు కట్టేయండి. ఆ తర్వాత ఫారం 28తో, కొనేవారి ఆర్టీవో పేరు మీద ఎన్‌ఓసీకి దరఖాస్తు. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు కావాలి. లోతుగా తుప్పు పట్టి ప్రింటు రాకపోతే అక్కడే ఆగిపోతుంది, ముందే శుభ్రం చేయించండి. అమ్మినట్టు ఫారం 29, ఇద్దరి సంతకాలతో ఫారం 30 పూర్తిగా నింపాకే సంతకం. అదే రాష్ట్రంలో అయితే అమ్మిన 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో మీరు తెలియజేయాలి. ఆంధ్రకు అమ్మినా తెలంగాణ బండికి ఈ ఎన్‌ఓసీ తప్పదు.

కర్ణాటకలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అది కొనేవారి ఖర్చు. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి ట్యాక్స్ వాపసు అడిగే వీలుంది కాబట్టి అది ఎవరికి చెందాలో బేరంలోనే తేల్చి రాసుకోండి. చాలా అమ్మకాలు ఆఖర్న ఇక్కడే చెడతాయి.

డబ్బు బ్యాంకు ద్వారానే. ఒక లావాదేవీలో 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా జరిమానాకు దారి, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు. ఎస్‌ఎంఎస్ చూసి తాళం ఇవ్వకండి, ఖాతా తెరిచి బ్యాలెన్సు చూశాకే. డెలివరీ నోటులో తేదీతో పాటు గంట, నిమిషం, రీడింగ్ రాయాలి. ఆ క్షణం తర్వాత పడిన చలాన్ ఎవరిదో తేల్చేది ఆ నిమిషమే.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. ఆరు నెలల్లో ఇండియా వచ్చేస్తున్నాం. 2016 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ, 1,12,000 మైళ్లు. పాత కార్లు కొనే కంపెనీల ఆన్‌లైన్ ఆఫర్లు తక్కువగా ఉన్నాయి. వెళ్లేలోగా అమ్ముడుపోకపోతే ఏం చేయాలి?

జవాబు: ఎస్‌టీఐలో ఉన్నది ఈజే257 ఇంజిన్. దీనికి టైమింగ్ బెల్టు ఉంటుంది, గడువు 1,05,000 మైళ్లు. మీది దాటింది. మార్చిన బిల్లు లేకపోతే ఏ ప్రైవేటు కొనుగోలుదారూ ముందుకు రాడు, ఎందుకంటే బెల్టు తెగితే వాల్వులు వంగుతాయి. బెల్టు ఒక్కటే కాదు, ఐడ్లర్లు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్పించండి. ఈ ఇంజిన్‌కున్న మరో చెడ్డపేరు పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగడం. మాటలతో ఆ భయం పోదు, సిలిండర్లలో గాలి ఎంత కారుతోందో కొలిచే లీక్‌డౌన్ పరీక్ష చేయించి నాలుగు సిలిండర్ల అంకెలూ ప్రకటనలోనే పెట్టండి. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండి కాబట్టి టైర్లన్నీ ఒకే రకంగా, చుట్టుకొలతలో పావు అంగుళానికి మించి తేడా లేకుండా ఉండాలి. ఒక్క కొత్త టైరు వేస్తే డిఫరెన్షియల్ మీద భారం పడుతుందని కొనేవాళ్లకు తెలుసు.

టెక్సస్‌లో 2025 నుంచి సేఫ్టీ తనిఖీ తీసేశారు గానీ, డల్లాస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి ఉంటే అమ్మేలోపు ఒరిజినల్ బిగించండి. అమ్మే రోజు టైటిల్ (యాజమాన్య పత్రం) వెనక సంతకం, రీడింగ్ రాయడం, 130-యూ ఫారం మీద ఇద్దరి సంతకాలు. 2011, ఆ తర్వాతి మోడళ్లకు 20 ఏళ్ల దాకా రీడింగ్ ప్రకటన తప్పనిసరి. నంబర్ ప్లేట్లు, అద్దం మీది రిజిస్ట్రేషన్ స్టిక్కరు తీసేయండి. 30 రోజుల్లోగా టీఎక్స్‌డీఎంవీకి (టెక్సస్ వాహనాల శాఖ) వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ పంపండి. వీలైతే కొనేవారితో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకే వెళ్లండి, ట్రాన్స్‌ఫర్ మీ కళ్ల ముందే అవుతుంది. క్యాషియర్ చెక్ ఇస్తానంటే అది ఇచ్చిన బ్యాంకు బ్రాంచిలోనే, కౌంటర్ దగ్గర తీసుకోండి.

అప్పటికీ అమ్ముడుపోకపోతే, అక్కడ ఉండే నమ్మకమైన బంధువుకో స్నేహితుడికో వీటీఆర్-271 పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి రావచ్చు. అయితే ఆ మనిషే బండి కొనకూడదు. రీడింగ్ ప్రకటనలో అమ్మేవాడిగా, కొనేవాడిగా ఒకరే సంతకం చేయడానికి చట్టం ఒప్పుకోదు. లోన్ ఉంటే బయల్దేరకముందే తీర్చి లీన్ (బండి మీద బ్యాంకు హక్కు) విడుదల కాగితం చేతిలో పెట్టుకోండి. ఇండియా నుంచి ఆ ఒక్క కాగితం తెప్పించుకోవడం కష్టం.

ప్రశ్న: నాన్నగారు పోయారు. కారు ఆయన పేరు మీదే ఉంది. నేరుగా కొనేవారి పేరుకు మార్చొచ్చా?

జవాబు: ముందు వారసుల పేరుకు మారాలి. మరణించిన 30 రోజుల్లోగా ఆర్టీఏకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి కావాలి. అది పూర్తయ్యాకే అమ్మకం ఫారాలు. అడ్వాన్సు తీసుకుని ఉంటే ఈ ఆలస్యం సంగతి కొనేవారికి ఇవాళే చెప్పండి.

ప్రశ్న: అమ్మిన రోజు ఇంకేం మరిచిపోతాం?

జవాబు: ఫాస్టాగ్. అద్దం మీంచి తీసి, బ్యాంకులో మూసేయించండి, లేకపోతే కొత్త ఓనర్ టోలు మీ ఖాతాలోంచి పోతుంది. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. బీమా కంపెనీ నుంచి ఆ లేఖ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు, ప్రీమియంలో సొంత బండి నష్టానికి కట్టే భాగం (ఓన్ డ్యామేజ్) 50 శాతం దాకా తగ్గుతుంది. మ్యూజిక్ సిస్టంలో ఫోను జోడింపులు, కాంటాక్టులు, ఇంటి చిరునామా చెరిపేయండి. డ్యాష్‌క్యామ్ కార్డు తీసుకోండి. రెండో తాళం, వీల్ లాక్ బోల్టు తాళం ఇచ్చేయండి. ఆ చిన్న బోల్టు తాళం ఇంట్లో డ్రాయర్లో ఉండిపోతే, కొనుక్కున్నాయన మొదటి పంక్చర్ రోజు రోడ్డు మీద నిలబడాలి.